గృహస్థుని రథము

గృహస్థుడు ఏ వేళకు నిద్ర లేవవలెనో, ఎవరెవరికి పెట్టిన పిమ్మట తాను విస్తరి ముందు కూర్చుండవలెనో, ఇంటికి వచ్చిన అతిథిని ఎంతదూరము సాగనంపవలెనో ఎంతో ఓపికతో విధించిన మన ధర్మసూత్రకారులు, అతడు భార్యాబిడ్డలతో కూడి కొండదారి పట్టునపుడు ఎట్టి వాహనమును ఎక్కవలెనో మాత్రము చెప్పలేదు. వారి నాటికి ఆ ప్రశ్న పుట్టలేదు. ఎడ్లబండిలో ఇల్లంతయు ఒక్కమారే పట్టెడిది, ఎడ్లు నడచినదే వేగము. హబ్సిగూడలో మా వీధిలో నివసించు ఒక మిత్రునకు ఇప్పుడు ఆ ప్రశ్న పుట్టినది. ఆయనకు నలుబదియారేండ్లు. భార్యకు స్కూటరు కలదు. ఇరువదేండ్ల కొడుకునకు మోటారుసైకిలు కలదు. పదేండ్ల కూతురునకు సైకిలు కలదు. తల్లికి కీసరగుట్ట రామలింగేశ్వరునిమీద భక్తి కలదు. మట్టిదారినీ గుట్టదారినీ పోగల ఫోర్ స్ట్రోక్ ట్రైల్ బైకు నొకదానిని కొని, సెలవునాడు ఇంటివారందరితో కలిసి తిరుగవలెనని ఆయన కోరిక. "ఏ బండి తీసుకొమ్మంటారు సార్?" అని నన్నడిగెను. బండ్ల సంగతి నాకంటె వారి అబ్బాయికే ఎక్కువ తెలియును. అయినను ఆ ప్రశ్న అడుగున మరియొకటి మెదలుచుండుట నాకు కనబడినది: ఈ వయస్సున, ఇన్ని బాధ్యతల నడుమ, ఇట్టి కోరిక తనకు తగునా? మొదటిదానికి సమాధానము రెండవదానిలోనే దొరకునని తోచుటచేత నేను రెండవదానినే ముందు పట్టుకొంటిని.

ఇట్టి ప్రశ్న పుట్టుటకు మా పేట తగిన చోటే. 1958లో కూనూరు నుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో కూర్చుండి మనిషి తినవలసిన అన్నమును కొలుచుచున్నది; 1944లో ప్రయోగశాలగా మొదలై నేడు ఐఐసీటీ అను పేర నడచుచున్న సంస్థ రసాయనములను కొలుచుచున్నది; 1961లో ఏర్పడిన ఎన్‌జీఆర్‌ఐ భూగర్భపు కదలికలను, దాని పొరుగున సీసీఎంబీ జీవకణమును కొలుచుచున్నవి. కొలువదగినదానిని పగలంతయు కొలిచి, కొలువరానిదానిని గూర్చి సాయంకాలము వాదించుకొనుట మావారి అలవాటు. ఇక 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమా, మాకు విద్యకే గాక వాహనవిద్యకును గురుకులము. 1939లో పూర్తియైన ఆర్ట్స్ కళాశాల గులాబిరంగు రాతిభవనము వెనుకను ప్రక్కలను సాగు చెట్లదారులలో సైకిలు నేర్చుకొనని పిల్లవాడు, క్లచ్చి వదలుట నేర్చుకొనని పడుచువాడు ఈ చుట్టుప్రక్కల అరుదు.

ఒకప్పుడు ఈ దారిలో కుటుంబమనగా ఒక స్కూటరు. ముందు హ్యాండిలు పట్టుకొని నిలుచున్న పెద్దపిల్లవాడు, వాని తలమీదుగా దారి చూచు తండ్రి, వెనుక ఒకవైపునకు కాళ్ళు వ్రేలాడవేసి కూర్చున్న తల్లి, ఆమె ఒడిలో చంటిబిడ్డ, ఆ బిడ్డ పాలసీసా ఉన్న బుట్ట. ఇందరిని మోయుచు చేతక్ మెట్టుగూడ నుండి ఉప్పల్ దాక పోవుచుండెడిది. మన హైదరాబాదు ఆల్విన్ వారి స్కూటరునకు పుష్పక్ అని పేరుపెట్టిన పెద్దమనిషి ఎవరో గాని లోకమెరిగినవాడు. ఎందరెక్కినను ఇంకొకరికి చోటు మిగులునని ప్రసిద్ధి గల విమానము అదియే కదా! 1988 నాటి మోటారు వాహనముల చట్టము తన 128వ సెక్షనులో, నడపువాడు గాక మరియొక్కడు మాత్రమే కూర్చుండవలెనని నిర్ణయించి ఆ పుష్పకమును నేలకు దింపినది. ఆ నిబంధన మంచిదే; నాకు దానితో తగవు లేదు. కాని దాని వలన, ఎవరును ఉద్దేశింపకుండనే, ఒక కొత్త ధర్మసంకటము పుట్టినది. ఒక్క బండిమీది కుటుంబమునకు వేగ మొక్కటే. తండ్రి తొందరపడినచో అందరును తొందరపడిరి, గోతిలో పడినచో అందరును పడిరి. అదే కుటుంబము మూడు బండ్లమీదను ఒక సైకిలుమీదను బయలుదేరినచో వేగములు నాలుగగును. ఎవరి వేగము కుటుంబపు వేగము? ఎడ్లబండి నాడును చేతక్ నాడును అడుగ నక్కరలేని ప్రశ్న ఇది.

మిత్రుని కోరిక విని మా వీధి వేదాంతి ఒకరు పెదవి విరిచిరి. నలుబది దాటినవాడు కోరికలకు కళ్ళెము వేయవలసినది పోయి కొండలెక్కు బండికి డబ్బు కూడబెట్టుట యేమని వారి ఆక్షేపణ. శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని యముడు నచికేతునకు చెప్పిన మాటను వారు ఎత్తిరి. అంతటితో ఆగక, కఠోపనిషత్తులో ఆ పిల్లవానికి యముడు దీర్ఘాయువుతోను సంపదలతోను పాటు రథములను కూడ చూపెననియు, అతడు అవియన్నియు నీవే యుంచుకొమ్మని తిరస్కరించెననియు జ్ఞాపకము చేసిరి. పదేండ్లో పండ్రెండేండ్లో యుండు బాలుడు వాహనములు వద్దనగా, తండ్రియైనవాడు కావలెననుట సిగ్గుపడవలసినది కాదా?

ఆక్షేపణ గట్టిదే. అయితే వేదాంతిగారు కథను సగములో ఆపిరి. రథములు వద్దన్న ఆ బాలునికి యముడు మూడవ వల్లిలో ఆత్మజ్ఞానమును బోధింపబూని, చెప్పదలచినది చెప్పుటకు వేరొక సాధనము దొరకక, తిరిగి రథమునే తెచ్చినాడు: శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గములు, ఇంద్రియములు గుఱ్ఱములు. బహుమానముగా వచ్చినప్పుడు త్రోసివేయబడిన వస్తువు పాఠముగా వచ్చినప్పుడు స్వీకరింపబడినది. దోషము రథములో ఉన్నయెడల ఇట్లు జరుగదు. ధర్మమునకు విరుద్ధము కాని కామము తన స్వరూపమే యని గీత ఏడవ అధ్యాయమున శ్రీకృష్ణుడును అంగీకరించినాడు. కాబట్టి మిత్రుని కోరిక పుట్టుటలో పాపము లేదు. అది దేనికి విరుద్ధము కావచ్చునో చూచుకొనవలసిన భారమున్నది.

ఇంతవరకు వచ్చిన పిమ్మట నాకు ఉపనిషత్తుతోనే ఒక చిన్న ఇబ్బంది కలిగినది. చెప్పుటకు జంకుచునే చెప్పుచున్నాను. ఆ రథములో కూర్చున్నవాడు ఒక్కడే. సారథి గట్టివాడై, పగ్గములు బిగువుగా నుండి, గుఱ్ఱములు చెప్పినమాట వినినచో అతడు దారి చివరకు చేరును. వెనుక ఎవరైనను వచ్చుచున్నారా, సైకిలు గొలుసు ఊడి ఎవరైనను నిలిచిపోయిరా అని అతడు తిరిగి చూడనక్కరలేదు. మోక్షమార్గమునకు అది సరియైన చిత్రమే. గృహస్థుని మార్గమునకు అది చాలదు. అతనికి ఇంకొక రథము కావలెను, అది భారతములోని అరణ్యపర్వమున దొరకును.

నలుని కథలో రథము ఆదినుండి కుటుంబమునకు సంబంధించినదే. భర్త జూదములో సర్వమును పోగొట్టుకొనుచుండగా దమయంతి చేసిన ముఖ్యమైన పని, వార్ష్ణేయుడను సారథిని పిలిపించి, నలునికి ప్రియమైన గుఱ్ఱములను ఆయన రథమునకే పూన్పించి, పిల్లలనిద్దరిని అందులో ఎక్కించి కుండినపురమునకు పంపుట. తరువాత నలుడు రూపము చెడి బాహుకుడై అయోధ్యలో ఋతుపర్ణునియొద్ద చేరినాడు. దమయంతికి రేపే రెండవ స్వయంవరమని వార్త వచ్చినప్పుడు, ఒక్క పగటిలో విదర్భకు చేరవలెనని రాజు ఆజ్ఞ. నలుడు అశ్వశాలకు పోయి, కండపట్టి నిగనిగలాడు గుఱ్ఱములను విడిచి, చిక్కి సన్నముగా నున్నవానిని కొన్నింటిని ఎంచి తెచ్చినాడు. రాజునకు కోపము వచ్చినది: ఇవా? ఇంతదూరమా? నన్ను పరిహసించుచున్నావా? బాహుకుడు వాని సుడులను చూపి, ఇవియే పోగలవు, మీకు వేరేవి నచ్చినచో చెప్పుడు, వానినే పూన్చెదను అన్నాడు. చూపునకు గొప్పగా నుండునది వేరు, ఈ ప్రయాణమునకు తగినది వేరు అను వివేకము గలవాడు ఆ శాలలో ఆ వికృతరూపుడొక్కడే. నిజాముల కొలువులోని ఆఫ్రికా అశ్వికులైన హబ్షీల మూలమున మా పేటకు పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. గుఱ్ఱములలో బ్రతికిన వారికి ఈ ఘట్టము మనకంటె బాగుగ తెలిసియుండును.

అటుపిమ్మటి సంగతి మరింత ముఖ్యమైనది. ఆ రథము కుండినపురమును సమీపించునపుడు, ముందుగ గుర్తించినది కన్నులు కావు, చెవులు. పిల్లలతో వచ్చి అక్కడనే నిలిచిపోయిన నలుని పాతగుఱ్ఱములు ఆ ధ్వని విని ఉప్పొంగినవి; మేడమీదనున్న దమయంతి అది నలుని రథఘోషయే యని నిశ్చయించుకొన్నది. ఇంటివారు యజమానిని అతని బండి చప్పుడునుబట్టి ఎరుగుట ఆనాటికే యున్నది. మా వీధిలో సాయంకాలము ఆరు దాటిన తరువాత ప్రతి ఇంటి గేటును ఏదో ఒక ఇంజను చప్పుడునకే తెరచుకొనును. బండి మలుపు తిరుగకముందే పిల్లలు గడియ తీయుదురు. కొనబోవు బండి ఎట్లు మ్రోగును, ఇరుగుపొరుగు ముసలివారు ఓర్చుకొందురా అని మిత్రుని అడిగితిని. సైలెన్సరు మార్పించి వీధి అదరగొట్టుట అతని ఊహలో లేదని తెలిసి సంతోషించితిని.

ఇక యంత్రము సంగతి. 1985లో మన దేశమున రెండు బండ్లు దిగినవి: యమహా ఆర్‌ఎక్స్ 100, హీరో హోండా సీడీ 100. మొదటిది టూ స్ట్రోక్, రెండవది ఫోర్ స్ట్రోక్. నా తరము వారు ఈ రెండింటిలో దేనిని మెచ్చుకొందురో చెప్పినచో వారి స్వభావము కొంత తెలియును. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టను ఒకమారు పోయి వచ్చునప్పటికి ఒక మంట పుట్టును. ఫోర్ స్ట్రోక్‌లో గాలిని పీల్చుట, అణచుట, మండుట, పొగను వెడలగొట్టుట అను నాలుగు పనులకు పిస్టను రెండుమారులు పోయి రావలెను. అందుచేత అదే పరిమాణములో టూ స్ట్రోక్‌కు ఊపు ఎక్కువ, బరువు తక్కువ. కాని అది పెట్రోలుతోపాటు నూనెను కూడ త్రాగి నీలిపొగ క్రక్కును. తక్కువ వేగమున గునిసి, కొంత దూకుడు అందుకొనగానే ఒక్కసారిగ లాగును. దిగుడులో యాక్సిలరేటరు వదలినను ఇంజను బండిని పట్టి ఆపదు. ఫోర్ స్ట్రోక్ అట్లు కాదు. నెమ్మదిలోను దానికి పట్టు ఉండును, వాలులో మొదటి గేరులో వదలినచో తానే బండిని నిలువరించుకొనుచు దిగును. నాలుగు స్ట్రోకులను నాలుగు ఆశ్రమములతోనో నాలుగు పురుషార్థములతోనో జతపరచి ఒక పేరా వ్రాయుటకు చేయి దురదపెట్టుచున్నది. పాపము, ఇంజనుకు ఆ భారము వద్దు. ఏమైనను పొగ నిబంధనలు 2000 నుండి బిగియుటతో రోడ్డు మీదికి కొత్త టూ స్ట్రోకులు వచ్చుట క్రమముగా ఆగినది, ఆ ఎంపికను ప్రభుత్వమే మనకొరకు చేసినది. మనకు మిగిలినది ఎత్తు, బరువు, మనస్సు.

మిత్రుడు పరీక్షకై ఒక స్నేహితుని ఎక్స్‌పల్స్ అను ట్రైల్ బైకును ఒక ఆదివారము తెచ్చెను. క్యాంపసు దారిలో, ఇంకను ఎండ చెట్లకొమ్మలను దిగని వేళ, కూతురు సైకిలు తొక్కుచుండగా ఆయన ఆమె వెనుక నడపవలెనని నేను పెట్టిన పరీక్ష. ఆ వేగమున నడపుట ఎంత కష్టమో నడపినవారికే తెలియును. మొదటి గేరు, ఎడమచేతి రెండు వ్రేళ్ళు క్లచ్చిని సగము పట్టి సగము విడుచుచుండును, కుడికాలు వెనుక బ్రేకును తాకీ తాకనట్లుండును, చూపు చక్రము ముందు పడినచో బండి ఒరగును గనుక, ఆ పిల్ల వీపుమీదనే దృష్టి నిలుపవలెను. సైకిలు ఒకమారు గులకరాళ్ళలో తడబడినది. ఆయన బండి ఆపి కాలు దింపబోగా నేల అందుటకు ఒక క్షణము పట్టినది. మునివేళ్ళు మాత్రమే అందినవి. గంటకు వంద కిలోమీటర్లలో బయటపడని లోపములు నడక వేగమున బయటపడును. బండికే కాదు, మనిషికిని అంతే. మిత్రుడు అరగంటలో చెమటలు క్రక్కి, "హైవేమీద ఇంత అలుపు రాదు సార్" అనెను.

ఇంటికి వచ్చిన తరువాత పెద్దావిడ గేటుదగ్గర నిలిచి, సీటుమీద చేయి వేసి చూచి, "గింత ఎత్తుంటే నేనెట్ల ఎక్కుత బిడ్డా? నిచ్చెన గూడ ఇస్తరా?" అని అడిగినది. షోరూములో ఎవరును అడుగని ప్రశ్న. 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 సీటు ఎత్తు 823 మిల్లీమీటర్లు. బరువు 160 కిలోల లోపు. నేలకును ఇంజను అడుగునకును నడుమ 220 మిల్లీమీటర్ల ఖాళీ. 2016 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ సీటు 800 మిల్లీమీటర్లే గాని దాని 411 సీసీ ఇంజనుతో బండి చాల బరువు. 2023లో వచ్చిన 452 సీసీ హిమాలయన్ 196 కిలోలు. కవాసాకి కేఎల్‌ఎక్స్ 230 తేలిక, 140 కిలోలకు మించదు, కాని సీటు 880 మిల్లీమీటర్లు. ఆరడుగుల మనిషికి తప్ప కాలు నేలనంటదు, వెనుక తల్లినో కూతురునో ఎక్కించుకొనుటకు అది పుట్టలేదు. ఈ అంకెలలో ప్రతిదియు ఒక నైతిక ప్రశ్నయే యని నా అభిప్రాయము. గుట్టదారిలో బండి ఒరుగుట తప్పదు. ఒరిగినప్పుడు కాలు నేలకు అందవలెను. అందక పడినచో, భార్య స్కూటరును కొడుకు బండిని ఆపి పరుగెత్తుకొని రాకముందే, వెనుక కూర్చున్న పిల్ల కాలు క్రింద చిక్కకుండ దానిని ఒక్కడే లేపగలుగవలెను. అదనపు సీసీల బలము ఎవరికి గర్వకారణమో వారు కొనుక్కొందురు గాక. మోయలేని బలమును కొనుక్కొనుట అపరిగ్రహమునకు విరుద్ధమని యతులకు చెప్పుదురు; గృహస్థునకు అది మరింత దగ్గరి కారణమున విరుద్ధము, ఆ బరువు పడునది తన కాలిమీద కాకపోవచ్చును. హిమాలయన్ మంచి బండి. ఒంటరిగ లడఖ్ పోవువాడు నన్నడిగినచో నేను దానినే చెప్పుదును. నలుబదియారేండ్ల తండ్రికి తేలికయైన ఎక్స్‌పల్స్‌నే చెప్పితిని.

ఇప్పుడు ఎవరి వేగము కుటుంబపు వేగమను ప్రశ్నకు వచ్చెదను. తెలుగుదేశమున ఎందరో అనుసరించు ఆపస్తంబుని ధర్మసూత్రములో భోజనక్రమమొకటి యున్నది: ముందు అతిథులు, తరువాత పిల్లలు, వృద్ధులు, రోగులు, గర్భవతులు, ఇంటి యజమానియు ఇల్లాలును మిగిలినది తినవలెను. తనకును భార్యకును పిల్లలకును తక్కువ చేసికొనవచ్చును గాని తన పని చేయువానికి తక్కువ చేయరాదని కూడ ఆయన చెప్పినాడు. ఆకలి ఎక్కువ గలవాడు, బలము ఎక్కువ గలవాడు, సంపాదించినవాడు చివర కూర్చుండవలెననుట దీని సారము. మట్టిదారిలో బండ్లవరుసకు ఇంతకంటె మంచి నియమము నాకు తెలియదు. అనుభవము తక్కువగలది ముందుండవలెను, కూతురు సైకిలుతో వచ్చినచో ఆమెయే, తరువాత స్కూటరు, తరువాత కొడుకు, చివర తండ్రి. వెనుకవాడు ముందువారు రేపిన దుమ్మునంతయు తినవలసి వచ్చును; అక్షరాల మిగిలినది తినుట అదే. కొండదారులలో గుంపుగా పోవు అనుభవజ్ఞులును ఆరితేరినవానిని చివర నుంచుట పరిపాటి. పడినవారిని లేపుటకు, దారి తప్పినవారిని కనిపెట్టుటకు అతడే తగినవాడు. వెనుక నుండగలిగిన బండి కావలెనని నేను మిత్రునితో మొదట అన్నప్పుడు ఆయన నవ్వెను. పిదప క్యాంపసు దారి గుర్తునకు వచ్చి నవ్వు మానెను.

ఇందులో కొడుకు స్థానమే చిక్కు. ఇరువదేండ్లవానికి ముందు పోవలెననియుండును, పోగలడు కూడ. అతనిని ఆపుటకు నేను చెప్పినది కీసరగుట్ట స్థలపురాణము. రాముడు శివలింగమును ప్రతిష్ఠింపబూని, కాశినుండి లింగములు తెమ్మని హనుమంతుని పంపినాడు. ముహూర్తము మీరునను తొందరలో, హనుమ రాకముందే ప్రతిష్ఠ జరిగిపోయినది. ఎంతో దూరమునుండి మోసికొనివచ్చిన హనుమ, తనకొరకు ఆగలేదని కోపించి, తెచ్చిన లింగములను చెల్లాచెదరుగా విసరెనట. గుట్టమీద ఇప్పుడును అక్కడక్కడ కనబడు లింగములు అవియే యందురు. ముహూర్తము సరిగానే పాటింపబడినది, రాముని పక్షమున న్యాయమున్నది. అయినను కూడివచ్చినవాని కొరకు ఆగకపోయిన గుర్తు ఆ గుట్టనిండ పరచుకొని యున్నది. అబ్బాయి విని, "అయితే ప్రతి మలుపు దగ్గర ఆగుతా, వెనుకవాళ్ళు కనిపించాకే కదులుతా" అన్నాడు. ప్రతి బండి తన వెనుక బండికి బాధ్యత వహించినచో ఎవరును తప్పిపోరు. దీనికి పెద్ద సిద్ధాంతము అక్కరలేదు.

అమెరికాలోను ఆస్ట్రేలియాలోను ఆరేడేండ్ల పిల్లలకు సైతము చిన్న ట్రైల్ బైకుల నిచ్చి, సొంత పొలములలోను ప్రత్యేకించిన దారులలోను తండ్రులు వెంట తిరుగుదురు. మనకు ఆ వెసులుబాటు లేదు. పదునెనిమిది నిండనివారి చేతికి బండినిచ్చిన పెద్దలకు 2019 సవరణ 25,000 రూపాయల జరిమానాను, మూడేండ్ల వరకు కారాగారమును విధించుచున్నది. నాలుగేండ్లు నిండని బిడ్డను ఎక్కించుకొన్నచో భద్రతా పట్టీ, శిరస్త్రాణము ఉండవలెననియు గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో మరియొక నియమము వచ్చినది. మిత్రుని కూతురు ఆ వయస్సు దాటినది. అయినను ఆ 40ను తన హద్దుగా పెట్టుకొమ్మని చెప్పితిని. శాసనము చిన్నబిడ్డకు చేసిన మర్యాదను తండ్రి పెద్దబిడ్డకు కూడ చేయవచ్చును.

ఎక్కడికి పోవలెనన్నది కూడ ధర్మమునకు సంబంధించినదే. వెలుపలి వలయ రహదారిమీదికి ద్విచక్రములను రానీయరు, అది మేలే. వరంగల్ దారిన భువనగిరి ఏకశిలాకోట, కీసరగుట్ట, మూసీ పుట్టిన వికారాబాదు అనంతగిరి ఒక పూటకు చాలును. అనంతగిరిలో అడవి ఉన్నది. బండి పోగలిగినంతమాత్రమున పోవచ్చునని కాదు. చక్రము ఒకమారు తొక్కిన గడ్డిలో వానకాలమున నీరు దారి చేసికొని మరుసటి యేడు చిన్న వాగగును. ఊరివారు నడచు బాట, మేకలు పోవు బాట చాలును. బాటలేనిచోట బాట వేయు పౌరుషము కుటుంబముతో వచ్చినవానికి ఎందుకు?

బండి వచ్చిన నాడు సికింద్రాబాదులోని తాడ్‌బండ్ వీరాంజనేయస్వామి గుడికి తీసికొనిపోయిరి. కొత్త బండ్ల వరుస అక్కడ ఎప్పుడును ఉండునదే. పూజారి హ్యాండిలుకు పసుపుకుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచి తొక్కించెను. మా వేదాంతిగారికి ఇది మూఢాచారము. నాకు అట్లు తోచలేదు. ద్రోణపర్వములో సైంధవుని వధింపబూనిన నాడు, పొద్దు క్రుంకులోగా ప్రతిజ్ఞ తీరవలసియుండగా, అర్జునుడు నేలను చీల్చి నీరు తెప్పించెను. శ్రీకృష్ణుడు యుద్ధభూమి నడుమ గుఱ్ఱములను విప్పి, బాణములు పెరికి, నీరు త్రాగించి, ఒళ్ళు రుద్దినాడు. ఎంత తొందరలోను వాహనమునకు చేయవలసినది చేయుట ఆరాధనలో ఒక భాగమే. కాకపోతే నిమ్మకాయ ఏడాదికి ఒకమారు, గొలుసునకు నూనె మాత్రము వారము వారము. పూజారి చేయునది మొదటిది, రెండవది యజమాని చేయవలెను.

మిత్రుడు డ్రైవింగు లైసెన్సును కూడ ఆ నెలలోనే పునరుద్ధరించుకొనెను. ఇప్పటి నియమము ప్రకారము ఆయనకు పదేండ్లు వచ్చినది. ఏబదియారవ యేట మరల వెళ్ళినచో ఐదేండ్లే యిత్తురు. బండి రిజిస్ట్రేషను పదునైదేండ్లది. లెక్క చూడగా రెండును ఆయన అరువదియొకటవ యేటనే ముగియుచున్నవి. ఆనాటికి కూతురునకు ఇరువదియైదు, కొడుకునకు ముప్పదియైదు. వరుసలో తక్కువ శక్తి గలవాడు అప్పుడు ఎవడు? ఆపస్తంబుని క్రమములో పిల్లల తరువాతి స్థానము వృద్ధులదే. ఈ సంగతి చెప్పగా మిత్రుడు కొంతసేపు ఊరకుండి, కొడుకును పిలిచి, వెనుక నడపుట ఇప్పటినుండియే నేర్చుకొమ్మనెను. మరుసటి ఆదివారము భువనగిరి దారిలో వాడు చివరనుండగా తండ్రి వానికి ముందు నడచెనట. వాడు రెండుచోట్ల సహనము తప్పి దాటి పోయెనని వాళ్ళమ్మ చెప్పినది. పెద్దావిడ మాత్రము కార్తికసోమవారమునకు కీసరకు బస్సులోనే పోయి వచ్చినది. ఆమె ఎక్కగలిగిన ఎత్తున ట్రైల్ బైకును ఇంకను ఎవరును చేయలేదు.